హైపోథెనిమస్ ఏ తెగలోకి వస్తుంది? ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది

విభాగం: కీటకాలు » పెంకు పురుగులు

#1 వేణు_అగ్రి

నమస్కారమండీ. నేను ఎమ్మెస్సీ అగ్రికల్చర్, ఎంటమాలజీ చదువుతున్నాను. సెమినార్‌కి కాఫీ కాయ తొలిచే పురుగు, అదే కాఫీ బెర్రీ బోరర్, హైపోథెనిమస్ హాంపెయి తీసుకున్నాను. జీవితచక్రం, నష్టం, నివారణ అన్నీ తయారయ్యాయి. చిక్కంతా మొదటి స్లైడ్ దగ్గరే.

వర్గీకరణ రాయాలి కదా. ఒక పాఠ్యపుస్తకంలో కుటుంబం స్కోలిటిడే అని ఉంది. ఇంకోదాంట్లో కర్కులియోనిడే (ముక్కు పురుగుల) కుటుంబం, స్కోలిటినే (బెరడు పురుగుల) ఉపకుటుంబం, క్రిఫాలిని తెగ (ట్రైబ్, అంటే ఉపకుటుంబానికి కింది మెట్టు). 2020 తర్వాతి పేపర్లు చూస్తే క్రిఫాలిని పోయి ట్రిపోఫ్లీయిని వచ్చింది. పాత పేపర్లలో అయితే ప్రజాతి (జీనస్) పేరే వేరు, స్టెఫనోడెరిస్ హాంపెయి. ఒక్క పురుగుకి ఇన్ని చిరునామాలా? ఏది రాస్తే ఎగ్జామినర్ దగ్గర ఇరుక్కోకుండా బయటపడతాను? సెమినార్ వచ్చే వారమే, టెన్షన్‌గా ఉంది.

#2 సూక్ష్మదర్శిని

వేణు గారూ, స్లైడ్ కోసమైతే ఇలా రాసేయండి: కోలియోప్టెరా క్రమం, కర్కులియోనిడే కుటుంబం, స్కోలిటినే ఉపకుటుంబం, ట్రిపోఫ్లీయిని తెగ, హైపోథెనిమస్ ప్రజాతి, హాంపెయి జాతి. చివర ఫెరారీ పేరు, 1867 రెండూ బ్రాకెట్లో పెట్టండి. ఆ బ్రాకెట్ అలంకారం కాదు. ఫెరారీ ఈ పురుగుని మొదట క్రిఫాలస్ ప్రజాతిలో వర్ణించాడు. తర్వాత ప్రజాతి మారింది కాబట్టి బ్రాకెట్ తప్పనిసరి. ఎగ్జామినర్లు పట్టుకునేది సాధారణంగా ఇక్కడే.

తెగ సంగతి. పాత క్రిఫాలిని తెగ ఒక గంపగుత్త వ్యవహారం. చిన్నగా ఉండి, ముందు ఛాతీ మీద గరుకు బుడిపెలుండి, ఒంటిమీద పొలుసుల్లాంటి వెంట్రుకలున్న బెరడు పురుగులని చాలామటుకు అందులో పడేశారు. 2020లో జాన్సన్, హల్కర్, జోర్డాల్ తదితరులు డీఎన్‌ఏనీ శరీర నిర్మాణాన్నీ కలిపి చూస్తే అవన్నీ ఒకే మూలం నుంచి వచ్చినవి కావని తేలింది. దాంతో దాన్ని నాలుగు తెగలు చేశారు: క్రిఫాలిని, ఎర్నోపోరిని, ట్రిపోఫ్లీయిని, కొత్తగా పెట్టిన కోరియాసెఫిలిని. క్రిఫాలస్ తన తెగలోనే ఉండిపోయింది. హైపోథెనిమస్ మాత్రం ట్రిపోఫ్లీయస్ పక్కకి వెళ్లింది. ట్రిపోఫ్లీయిని పేరు కూడా కొత్తదేం కాదు, 1911లో నూస్లిన్ పెట్టినదాన్నే మళ్లీ వాడుకలోకి తెచ్చారు.

#3 చెట్టుబెరడు

నేను ఒప్పుకోను. తెగ సంగతి అటుంచండి, కుటుంబం మాటేమిటి? అడవుల పనిలో ఉన్నవాళ్లం మేమంతా స్కోలిటిడే అనే నేర్చుకున్నాం. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో కీటక శాస్త్రవేత్త బీసన్ కాలం నుంచీ మన దేశపు బెరడు పురుగుల జాబితాలన్నీ ఆ పేరుతోనే ఉన్నాయి. నమూనా పెట్టెల మీద చీటీలూ అవే. బెరడు కింద సొరంగాలు తవ్వి, కుటుంబమంతా అక్కడే కాపురం పెట్టే పురుగుని తీసుకెళ్లి బియ్యంలో ముక్కు పురుగుతో ఒకే ఇంటిపేరు పెట్టడమేంటి? ముక్కే లేదు దానికి!

#4 పాతకాగితం

చెట్టుబెరడు గారి వాదన తీసిపారేసేది కాదు, దాని వెనక స్టీఫెన్ వుడ్ అంతటివాడున్నాడు. అమెరికాలో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన వుడ్, జీవితమంతా ఈ పురుగుల మీదే గడిపాడు. 1982లో ఉత్తర, మధ్య అమెరికా జాతుల మీద మహా గ్రంథం, 1986లో ప్రజాతుల పునర్వర్గీకరణ, 1992లో బ్రైట్‌తో కలిసి ప్రపంచ జాబితా. ఇన్నిట్లోనూ స్కోలిటిడే ప్రత్యేక కుటుంబమే. తల నిర్మాణంలో, కాళ్లలో ఉన్న తేడాలు చూపించి, ఇవి ముక్కు పురుగుల నుంచి చాలా పాతకాలంలోనే విడిపోయాయని గట్టిగా నిలబడ్డాడు. 2009లో పోయేదాకా ఆ మాట మార్చుకున్నట్టు లేదు.

తమాషా ఏంటంటే అదే 2009లో బర్మా అంబర్‌లో, అంటే సుమారు 10 కోట్ల ఏళ్ల నాటి గట్టిపడిన చెట్టు జిగురులో, మైక్రోబోరస్ దొరికిందని కాగ్నాటో, గ్రిమాల్డి ప్రచురించారు. అది ఇప్పటికీ బతికి ఉన్న ప్రజాతి! కాబట్టి పాతకాలం నాటివన్న మాటలో వుడ్ చెప్పింది నిజమే.

#5 సూక్ష్మదర్శిని

పాతవి కావడం వేరు, వేరే కుటుంబం కావడం వేరు. ముక్కు పురుగుల వంశవృక్షం గీస్తే ఈ బెరడు పురుగులు దాని బయట కాదు, లోపలి కొమ్మ మీద కనిపిస్తున్నాయి. లోపలి కొమ్మని విరిచి పక్కన నాటి కుటుంబం అంటే మిగిలిన కర్కులియోనిడే అర్థం లేని ముద్దగా మిగులుతుంది. ముక్కు లేకపోవడానికి కారణం కూడా ఉంది. ముక్కు పురుగు ముక్కుతో కన్నం చేసి గుడ్డు పెట్టి వెళ్లిపోతుంది. బెరడు పురుగులో ఆడది తనే ఒళ్లంతా లోపలికి దూరుతుంది. సొరంగంలో పొడుగాటి ముక్కు అడ్డమే కదా. వీటి పిల్ల పురుగుని చూడండి, కాళ్లు లేకుండా, తెల్లగా, వంకర తిరిగి, అచ్చం ముక్కు పురుగు పిల్లే.

#6 చెట్టుబెరడు

ఆ చివరి వాక్యం ఒప్పుకుంటాను. మిగతాది ఆలోచించాలి. చీటీలు మాత్రం మార్చను.

#7 వేణు_అగ్రి

థాంక్యూ సార్, కుటుంబం, తెగ తేలిపోయాయి. స్టెఫనోడెరిస్ సంగతేంటి మరి? అది వేరే పురుగు అనుకుని మొదట చాలా పేపర్లు పక్కన పడేస్తున్నారు మా బ్యాచ్‌లో.

#8 పాతకాగితం

పక్కన పడేస్తే సగం చరిత్ర పోతుంది. 1867లో వియన్నాలో ఫెరారీ దీన్ని వర్ణించినప్పుడు చేతిలో ఉన్నది తోటలోంచి తెచ్చిన పురుగు కాదు. వ్యాపారానికి ఫ్రాన్స్ వచ్చిన కాఫీ గింజల్లో దొరికింది. ఏ దేశపు కాఫీయో, చెట్టు మీద అది చేసే నష్టమేంటో ఎవరికీ తెలియదు. తోటలో చూసిన మొదటి నమోదు 1901లో ఆఫ్రికాలోని గబాన్ నుంచి వచ్చింది. అంటే పేరు పుట్టిన 34 ఏళ్లకి గానీ పురుగు ఊరు తెలియలేదు.

ఈలోగా 1871లో ఐఖాఫ్ అనే జర్మన్ శాస్త్రవేత్త స్టెఫనోడెరిస్ అని కొత్త ప్రజాతి పెట్టాడు. మన పురుగు అందులోకి వెళ్లింది. 1910లో హాగెడోర్న్ ఇదే పురుగుని కొత్తది అనుకుని స్టెఫనోడెరిస్ కాఫియె అన్నాడు. అదే ఏడాది వాన్ డెర్ వీలె జైలెబోరస్ కాఫీవోరస్ అన్నాడు. ఇవన్నీ ఒక్కటేనని తర్వాత తేలింది. 1960ల మొదట్లో వచ్చిన పేపర్లలో కూడా స్టెఫనోడెరిస్ హాంపెయి అనే రాశారు.

ప్రజాతుల్ని వేరు చేయడానికి మీసం చివరి ముద్దలాంటి భాగానికి ముందుండే చిన్న కణుపుల లెక్కని వాడేవారు. హైపోథెనిమస్‌లో ఆ లెక్క 3 నుంచి 5 దాకా మారుతూనే ఉంటుంది. అలాంటి లక్షణం మీద ప్రజాతిని నిలబెట్టలేం కాబట్టి స్టెఫనోడెరిస్‌ని హైపోథెనిమస్‌లో కలిపేశారు. ముందు పెట్టిన పేరుకే హక్కు. ఐఖాఫ్ కంటే ముందే వెస్ట్‌వుడ్ హైపోథెనిమస్ అని పేరు పెట్టాడు కదా. వెస్ట్‌వుడ్ ఏడాది కొన్ని జాబితాల్లో 1834, కొన్నిట్లో 1836 అని ఉంటుంది, కొత్తవాళ్లు 1834 వాడుతున్నారు.

పాత పేరు పూర్తిగా చావలేదు లెండి. ఈ పురుగు మీద బతికే చిన్న కందిరీగ పేరు సెఫలోనోమియా స్టెఫనోడెరిస్. ప్రజాతి పోయింది, దాని శత్రువు పేరులో మాత్రం మిగిలింది. వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి.

#9 రాయలసీమ_రమణ

హాంపెయి అంటే మన హంపీలో దొరికిందా సార్? మాకు దగ్గరే.

#10 పాతకాగితం

కాదు రమణ గారూ :) క్లెమెన్స్ హాంపె అని ఆస్ట్రియా వైద్యుడు, పురుగుల సేకర్త. ఆయన మీద గౌరవంతో పెట్టారు.

#11 పాడేరు_కాఫీ

అందరికీ దండాలు. మీ మాటలు సగం అర్థమయ్యాయి, సగం కాలేదు. మాది పాడేరు దగ్గర, మిరియం, సిల్వర్ ఓక్ నీడలో కాఫీ. 2025లో అరకు వైపు కాయ తొలిచే పురుగు కనబడిందని తెలిసినకాడి నుంచి నిద్ర లేదు. కాయలు కోయించి, మరుగు నీళ్లలో ముంచి పూడ్చిపెట్టించారక్కడ. మొన్న మా తోటలో కొన్ని రెమ్మలు ఎండిపోయి, సన్నటి కన్నాలు కనబడ్డాయి. ఫొటో పెడుతున్నాను. ఇదేనా అది? తెగా కుటుంబం కాదండీ, ఇది కాదు అని చెప్తే చాలు నాకు.

#12 కోనా_తెలుగు

ఫొటోలో కన్నం రెమ్మకి ఉంది, కాయకి లేదు. అది ముఖ్యం. నేను హవాయిలో ఉంటాను. అక్కడ కోనా ప్రాంతంలో 2010లో హాంపెయి బయటపడింది. అప్పటి నుంచి కన్నం కనబడితే చాలు అదేనని భయపడేవాళ్లని చాలామందిని చూశాను. రెమ్మలు తొలిచేది చాలామటుకు జైలోసాండ్రస్ కాంపాక్టస్, ఇంగ్లీషులో షాట్ హోల్ బోరర్ అంటారు. అదీ బెరడు పురుగుల ఉపకుటుంబమే, కానీ రెమ్మలో బూజు పెంచుకుని తింటుంది, గింజ జోలికి రాదు.

#13 సూక్ష్మదర్శిని

పాడేరు గారూ, ఫొటోని బట్టి తీర్పు ఇవ్వను, కానీ చూడాల్సినవి చెబుతాను. హాంపెయి ఆడపురుగు దాదాపు ఎప్పుడూ కాయ కొన నుంచే దూరుతుంది, అంటే పువ్వు రాలిన చోట ఉండే గుండ్రటి మచ్చ దగ్గర. కన్నం మిల్లీమీటరు కంటే తక్కువ. ఆ కాయ కోసి చూస్తే గింజలోనే సొరంగం, అందులో గుడ్లు, తెల్ల పిల్లలు, నల్ల పురుగులు అన్నీ కలిసి ఉంటాయి. పురుగు సుమారు 1.6 మిల్లీమీటర్లు, ఆవగింజ పాటి కూడా లేదనుకోండి.

కాయలో చిన్న నల్ల పురుగు దొరికినా అది హాంపెయి అని నిర్ధారణ కాదు. హైపోథెనిమస్‌లో 180 దాకా జాతులున్నాయి. అందులో చాలావాటికి ఎండు రెమ్మలు, తీగలు, ఆకు కాడలు, రాలిన విత్తనాలే ఇల్లు. చెట్టు కింద పడి ఎండిపోయిన కాయలో వేరే జాతి దూరడం మామూలే. కోనా_తెలుగు గారికి తెలిసే ఉంటుంది, అక్కడ మెకడేమియా గింజల్ని తినే ఆబ్స్క్యూరస్ అనే జాతి కాఫీ కాయల్లోనూ కనిపించి అయోమయం సృష్టిస్తుంది. రెండింటికీ తేడా రెక్కల పెంకు మీది వెంట్రుకల్లో ఉంటుంది. ఆబ్స్క్యూరస్‌వి వెడల్పుగా పొలుసుల్లా ఉంటాయి, హాంపెయివి సన్నగా పొడుగ్గా ఉంటాయి. మామూలు కంటికి అందదు, మైక్రోస్కోపు కావాల్సిందే.

చింతపల్లి దగ్గర ఆర్.వి.నగర్‌లో కాఫీ బోర్డు ప్రాంతీయ పరిశోధన కేంద్రం ఉంది కదా. కన్నం ఉన్న కాయలు, ఎండు రెమ్మలు విడివిడిగా, స్పిరిట్ పోసిన సీసాల్లో మూత బిగించి ఇవ్వండి. పురుగున్న కాయల్ని ఊరికే సంచిలో వేసుకుని ఊళ్లన్నీ తిప్పకండి, అది వ్యాపించేదే అలా.

#14 పాడేరు_కాఫీ

సరేనండి. కాయలు కోసి చూస్తాను ముందు. మాకు ఇన్నాళ్లూ తెల్ల కాండం తొలిచే పురుగే పెద్ద శత్రువు. ఇప్పుడు ఇదొకటి.

#15 చెట్టుబెరడు

నీలగిరుల్లో గూడలూరు దగ్గర 1990లో మన దేశంలో మొదటిసారి కనబడింది. తర్వాత వయనాడు, కొడగు. తూర్పు కనుమల తోటలు ఇన్నేళ్లు తప్పించుకోవడమే గొప్ప. చెట్టు మీదా కిందా కాయ మిగలకుండా ఏరించడం కన్నా మందు లేదు. తర్వాత్తర్వాత పురుగుని చంపే బ్యువేరియా బూజు, ఆల్కహాల్ ఎర పెట్టిన ట్రాపులు.

#16 నిర్వాహకులు

నివారణ చర్చకి పంట రక్షణ విభాగంలో వేరే దారం తెరిచాం. ఇక్కడ వర్గీకరణ కొనసాగించండి.

#17 కోనా_తెలుగు

అయితే వర్గీకరణలో నా ప్రశ్న. ఈ ప్రజాతికి మూల జాతి, అంటే ప్రజాతి పేరుకి ఆధారమైన జాతి, ఎరుడిటస్ కదా, వెస్ట్‌వుడ్ వర్ణించింది. అది పుస్తకం అట్టలో దొరికిందని చదివాను. బెరడు పురుగుకి పుస్తకంలో పనేంటి?

#18 పాతకాగితం

నిజమే, పుస్తకపు అట్టని తొలుస్తుంటే పట్టుకున్నారు. దానికి పనేంటి అంటే, ఎరుడిటస్‌కి పనికిరానిది లేదు. వందల రకాల చెట్ల ఎండు పుల్లల్లో, విత్తనాల్లో, తొడిమల్లో ఉంటుంది. ఉష్ణ ప్రాంతమంతా ఉంది. ప్రపంచంలో అతి సామాన్యమైన బెరడు పురుగు ఇదే అంటారు. పొడవు మిల్లీమీటరు పైన కొంచెం.

దీని కథే అసలు సరదా. ప్రతి దేశంలోనూ, ప్రతి చెట్టు మీదా ఎవరికో ఒకరికి దొరికింది, ప్రతివాడూ కొత్త పేరు పెట్టాడు. 1915లో అమెరికాలో హాప్కిన్స్ ఒక్క క్రిఫాలస్ వర్గం మీద రాసిన పుస్తకంలోనే బోలెడన్ని కొత్త జాతులు ప్రకటించాడు, కొన్నిటికి చేతిలో ఉన్న నమూనాలు నామమాత్రం. ఆ తర్వాత ఆస్ట్రియాలో షెడెల్. ఆ తర్వాత వుడ్ వచ్చి వీటిని ఒక్కొక్కటిగా పోల్చి, ఇదీ ఎరుడిటసే, అదీ ఎరుడిటసే అని కలుపుకుంటూ పోయాడు. ఇప్పుడు ఆ ఒక్క పేరు కింద 70 పైన పర్యాయనామాలు పడి ఉన్నాయి.

#19 సూక్ష్మదర్శిని

వుడ్ కలిపినవాటిని ఇప్పుడు డీఎన్‌ఏ విడదీస్తోంది. 2017లో కామ్‌బెస్టాడ్, కిర్కెండాల్ తదితరులు వేర్వేరు దేశాల ఎరుడిటస్ నమూనాలు తీసుకుని చూస్తే అది ఒక జాతి కాదు, పైకి ఒకేలా కనిపించే చాలా జాతుల గుంపు అని తేలింది. కొన్నిటిని జాగ్రత్తగా కొలిస్తే పైకి కూడా తేడా తెలుస్తుంది, కొన్నిటికి అదీ లేదు. ఒకే చోట, పక్కపక్కనే ఉంటూ, జన్యువుల్లో మాత్రం దూరపు చుట్టాలైనవి కూడా ఉన్నాయి.

మరి పేర్లు? ఆ 70 పైన పేర్లలో ఏది ఏ గుంపుకి చెందుతుందో చెప్పాలంటే వందేళ్ల నాటి మూల నమూనాలని, అంటే పేరు పెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్న పురుగుల్ని, మళ్లీ తీయాలి. మిల్లీమీటరు పురుగు, అట్టముక్కకి జిగురుతో అంటించి ఉంటుంది. దాని నుంచి డీఎన్‌ఏ తీయడం, పురుగు పాడవకుండా తీయడం ఎంత కష్టమో ఆలోచించండి. అందుకే ఇప్పటికీ అందరం ఎరుడిటస్ అనే ఒకే పేరు రాస్తున్నాం.

నా అభిప్రాయం అడిగితే, హాప్కిన్స్‌ని చూసి నవ్వడం ఇక ఆపాలి. ఆయన విడదీసినవన్నీ సరైనవి కావు, కానీ విడదీయాల్సినవి ఉన్నాయన్న అనుమానం నిజమే.

#20 చెట్టుబెరడు

ఇక్కడే నాకు అసలు అనుమానం. ఈ పురుగుల్లో అన్నాచెల్లెళ్లే జతకడతాయి కదా. మగవి రెక్కలు సరిగా లేక పుట్టిన కాయలోనే ఉండి చస్తాయి. అలా తరతరాలు సొంత తోబుట్టువులతోనే సంతానం కంటే, ప్రతి వంశమూ పక్క వంశానికి దూరం అవుతూ పోతుంది. అప్పుడు ప్రతి వంశాన్నీ జాతి అనాలా? ఒకదానితో ఒకటి కలిసి సంతానం కంటే ఒకే జాతి అన్న సూత్రం ఇక్కడ ఎలా పనిచేస్తుంది?

#21 సూక్ష్మదర్శిని

మంచి ప్రశ్న, తేలిక జవాబు లేదు. అందుకే మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఒక్కటే చూసి తేల్చకూడదు. అది తల్లి వైపు నుంచే వస్తుంది కాబట్టి ఇలాంటి పురుగుల్లో దూరాన్ని ఎక్కువ చేసి చూపించొచ్చు. కేంద్రకంలోని జన్యువులు, శరీర లక్షణాలు, మూడూ ఒకే గీత గీస్తే అప్పుడు జాతి అనొచ్చు. ఎరుడిటస్ విషయంలో కొన్ని గుంపులకి అలాగే కలిసొచ్చింది.

హాంపెయిలో అయితే ఇదే అలవాటు తిరగబడి కనిపిస్తుంది. ఆఫ్రికా నుంచి బయటకి వచ్చినవి కొద్ది. వాటి సంతానమే బ్రెజిల్ నుంచి ఆసియా దాకా పాకింది. అందుకే ప్రపంచమంతా ఉన్నా జన్యు వైవిధ్యం చాలా తక్కువ. ఒక్క గర్భిణి ఆడపురుగు కొత్త దేశంలో దిగితే చాలు, మగతోడు వెతుక్కునే పని లేదు. 10 ఆడవాటికి ఒక మగది చొప్పున పుడుతుంది.

#22 వేణు_అగ్రి

సార్, మగ పురుగు గురించి ఒక చోట ఫలదీకరణ లేని గుడ్డు నుంచి పుడుతుందని, ఇంకో చోట కాదని చదివాను. ఏది సరైంది?

#23 కోనా_తెలుగు

జైలెబోరస్ (ఇంకో బెరడు పురుగుల ప్రజాతి) తరహా పురుగుల్లో మొదటిది, హాంపెయిలో రెండోది. హాంపెయి మగది ఫలదీకరణ జరిగిన గుడ్డు నుంచే పుడుతుంది. కానీ తండ్రి ఇచ్చిన క్రోమోజోములు దాని ఒంట్లో ముద్దకట్టుకుపోయి పనిచేయవు, వీర్యకణాల్లోకీ వెళ్లవు. 1995లో బ్రన్ బృందం చూపించింది. ఉండటానికి రెండు సెట్ల క్రోమోజోములు, పనికొచ్చేది తల్లిది ఒక్కటే.

దీనికి తోటలో పర్యవసానం ఉంది. న్యూ కలెడోనియాలో 1980ల్లో ఎండోసల్ఫాన్‌కి లొంగని పురుగులు బయటపడ్డాయి. తల్లి దగ్గర నిరోధక జన్యువు ఒక్కటున్నా, అది అందిన కొడుకులో దాన్ని కప్పేసే ఇంకో జన్యువు పనిచేయదు. పైగా తోబుట్టువుల పెళ్లి. నాలుగు తరాలు తిరిగేసరికి తోటంతా అవే. మన దేశంలో ఎండోసల్ఫాన్ 2011లోనే సుప్రీంకోర్టు ఆపేసింది కాబట్టి ఆ చర్చ వేరు. కానీ ఏ మందు కొట్టినా ఈ లెక్క వర్తిస్తుంది.

#24 చెట్టుబెరడు

వేణు, ఇది మీ సెమినార్‌లో పెట్టు. వర్గీకరణ స్లైడ్ కంటే దీనికి ఎక్కువ ప్రశ్నలొస్తాయి. జైలెబోరస్‌కీ హైపోథెనిమస్‌కీ ఈ తోబుట్టువుల కాపురం విడివిడిగా వచ్చిందని కూడా చెప్పు. అలవాటు ఒకేలా ఉంది కదా అని దగ్గరి చుట్టాలు అనుకుంటారు జనం.

#25 సూక్ష్మదర్శిని

వంశవృక్షం వాదన చెట్టుబెరడు గారి నోట రావడం సంతోషం!

#26 చెట్టుబెరడు

చీటీలు మార్చనన్నాను గానీ బుర్ర మార్చనని అనలేదు.

#27 పాడేరు_కాఫీ

కాయలు కోసి చూశామండి, చెట్టు మీదివీ కింద పడినవీ. కొన దగ్గర కన్నం ఉన్న కాయ ఒక్కటీ లేదు. రెమ్మల్లో మాత్రం నల్ల పురుగులున్నాయి, లోపల తెల్లటి బూజులాగుంది. రెమ్మలు కత్తిరించి కాల్చేశాం, కొన్ని స్పిరిట్ సీసాలో వేసి ఉంచాను. సోమవారం ఆర్.వి.నగర్ తీసుకెళ్తున్నా.

#28 కోనా_తెలుగు

తెల్ల బూజు ఉందంటే జైలోసాండ్రస్ వైపే మొగ్గు. అక్కడ ఏమన్నారో తప్పకుండా రాయండి అన్నా.

#29 వేణు_అగ్రి

స్లైడ్ ఇలా చేశాను: కర్కులియోనిడే, స్కోలిటినే, ట్రిపోఫ్లీయిని, హైపోథెనిమస్ హాంపెయి, బ్రాకెట్లో ఫెరారీ 1867. కింద చిన్న అక్షరాల్లో "పూర్వం క్రిఫాలిని తెగ, పాత పేర్లు క్రిఫాలస్ హాంపెయి, స్టెఫనోడెరిస్ హాంపెయి". ఫొటో పెట్టాను, చూసి చెప్పండి.

#30 సూక్ష్మదర్శిని

బాగుంది. ట్రిపోఫ్లీయిని ఇటాలిక్స్‌లో పెట్టారు, తీసేయండి. వాలు అక్షరాలు ప్రజాతికీ జాతికీ మాత్రమే.